రేటు రాసుకుంటే తప్పా?

నెల మొదటి వారం వచ్చిందంటే వెచ్చాల చీటీ రాయని ఇల్లు ఉంటుందా చెప్పండి! కందిపప్పు ఎన్ని కిలోలు, నూనె ఎన్ని ప్యాకెట్లు, చింతపండు ఉందా అడుక్కి వచ్చిందా అని డబ్బాలన్నీ మూతలు తీసి చూసుకుంటాం. అయితే చీటీలో సరుకు పక్కన రేటు కూడా రాసి దాచుకునేవాళ్ళు మనలో ఎంతమంది? నేను దాస్తాను. జగ్గయ్యపేట కాపురానికి వచ్చినప్పటి నుంచీ నాకదో అలవాటు. "శెట్టిగారి కంటే మా కోడలే పెద్ద లెక్కల మనిషి" అని మా అత్తగారు నవ్వేవారు గానీ, సంక్రాంతి పిండివంటలకి బెల్లం ఎక్కడ చవకో మాత్రం నన్నే అడిగేవారు.

మా తోటికోడలు నందిగామలో ఉంటుంది. రెండు ఊళ్ళూ హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదవే. కాగితాల మీద 2022 నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా అయినా, నోటికి ఇంకా కృష్ణాజిల్లా మెట్ట అనే వస్తుంది. ఈ మెట్టలో మిరప, పత్తి డబ్బు చేతికొచ్చే నెలలు వేరు, ఖర్చులుండే నెలలు వేరు. అందుకే మాకు పది రూపాయల తేడా కూడా తేడాయే. నేను ఇక్కడి రేట్లు, తను అక్కడి రేట్లు ఫోనులో పంపుకునేవాళ్ళం. "అక్కా, మినప్పప్పు నేనిక్కడ కొంటాను, మిరపకాయలు నువ్వు పట్రా" అనేది తను. అది చూసి ఇరుగుపొరుగు చేరారు, పొదుపు సంఘం వాళ్ళు చేరారు. ఇప్పుడు నలభై మంది దాకా ఉన్నాం.

చిక్కు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒక సూపర్ మార్కెట్లో (ఏ ఊరిదో, ఏ పేరో ఎందుకులెండి) మా తోటికోడలు అరల మీది రేటు చీటీలు ఫోనుతో ఫొటో తీస్తుంటే కుర్రాడొచ్చి ఆపేశాడు. "మా రేట్లు బయటికి పంపకూడదమ్మా" అన్నాడట. అదే నెలలో మా అన్నయ్య కొడుక్కి ఇంకో తలనొప్పి. వాడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "అత్తా, మీరంతా చేత్తో రాసుకోవడమెందుకు?" అని ఒక చిన్న యాప్ తయారుచేసిచ్చాడు. ఇంటికి సరుకులు పంపే కంపెనీల వెబ్‌సైట్ల నుంచి అది రాత్రికి రాత్రి రేట్లన్నీ లాగేసి, మా ఊరి రేట్ల పక్కన పెట్టేది. రెండు నెలలు హాయిగా వాడుకున్నాం. తర్వాత ఒక కంపెనీ నుంచి ఆపకపోతే కోర్టుకెళ్తామని ఉత్తరం. వాడి మొహం చూడాలి! రేపు వాడి ఉద్యోగానికి ఎసరొస్తే మా వదినకు నేనేం సమాధానం చెప్పను?

మా వారి స్నేహితులు ఒక ప్లీడరుగారున్నారు. ఆయన మొదట చెప్పిందేమిటంటే, ఈ రెండూ ఒకటి కావని. మనిషి చూసి రాసుకోవడం వేరు, మిషను లాగడం వేరు.

కొట్లో సంగతి తేలిక. ప్యాకెట్ మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర వేయాలన్న నియమం 1990లోనే వచ్చింది. తూనికలు కొలతల చట్టం 2009 కింద ఇప్పటికీ అది ఉంది, అంతకు మించి అమ్మకూడదు కూడా. 2019 వినియోగదారుల చట్టం సరుకు నాణ్యత, పరిమాణంతో పాటు ధర తెలుసుకోవడాన్ని మన హక్కుల్లో చేర్చింది. ధర రహస్యమైతే అరకి అంటించడమెందుకండీ? చదివి రాసుకోవద్దనే చట్టం లేదు. అయితే కొట్టు ఆయన జాగా. లోపల ఫొటోలు తీయొద్దని అనొచ్చు, వినకపోతే బయటికి వెళ్ళమనొచ్చు. అంచేత మా తోటికోడలు ఇప్పుడు ఫోను సంచిలో వేసి, బిల్లు ఇంటికి తెచ్చుకుని రాస్తోంది. డబ్బిచ్చి తెచ్చుకున్న బిల్లు మనదే కదా!

రాసుకోవడం ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను, పెన్సిలు తీసుకోండి. 2021లో నిబంధనలు మార్చి, ప్యాకెట్లు ఫలానా కొలతల్లోనే ఉండాలన్న పట్టింపు తీసేశారు. బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో వేయమన్నారు. మంచిదే. కానీ కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాము లెక్కన వేస్తారు, అదీ రెండు దశాంశాల వరకే. 800 గ్రాములు 149 రూపాయలనుకోండి, గ్రాము 0.19 అని ఉంటుంది. 900 గ్రాములు 174 రూపాయలైనా అదే 0.19. రెండూ ఒకటే అనుకుని చేతికి అందింది బుట్టలో వేసేస్తాం. లెక్కకడితే మొదటిది కిలో 186 రూపాయల పావలా, రెండోది 193 పైన. కిలోకి ఏడు రూపాయలు ఆ చిన్న అంకెలో దాక్కున్నాయి! ప్యాకెట్ ధరని గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చవేయండి, ఫోనులో క్యాలిక్యులేటరు ఉండనే ఉంది.

ఇక మా మేనల్లుడి సంగతి. ధర అనే అంకె ఎవరి సొత్తూ కాదు. 1957 కాపీరైటు చట్టం కింద జాబితాలకు రక్షణ ఉంది గానీ, కష్టపడి పోగుచేసినంత మాత్రాన కాపీరైటు రాదని, ఎంతో కొంత సొంత బుద్ధి కనబడాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని సంబరపడొద్దన్నారు ప్లీడరుగారు. అంతకు ముందు 1995లో ఢిల్లీ హైకోర్టు ఖాతాదారుల చిరునామాల జాబితాకు కూడా కాపీరైటు ఉందని చెప్పిన సందర్భముంది. పైగా సరుకుల ఫొటోలు, వాటి కింది రాతలు అయితే ఖాయంగా వాళ్ళవే. మావాడు ఫొటోలు కూడా లాగాడు మరి!

అసలు ముల్లు 2000 నాటి ఐ.టి. చట్టంలో ఉంది. యజమాని అనుమతి లేకుండా వాళ్ళ కంప్యూటరు నుంచి సమాచారం కాపీ చేసుకుంటే 43వ సెక్షను కింద నష్టపరిహారం. మోసపు బుద్ధితో చేశారని తేలితే 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అందరూ చూడమని పెట్టిన పేజీకి అనుమతి ఉన్నట్టే కదా అని మనం వాదించొచ్చు. చూడమన్నాం గానీ మిషను పెట్టి తోడుకోమనలేదని వాళ్ళంటారు. ఆ సైటులో 'షరతులు' అని మనమెవరం చదవని పేజీ ఒకటుంటుంది చూడండి, అందులో ఇది రాసే ఉంటుంది. ఐరోపాలో రయన్ఎయిర్ విమానాల రేట్లు తీసి చూపించిన కంపెనీ కేసులో 2015లో అక్కడి పెద్ద కోర్టు, వేరే రక్షణ లేని సమాచారానికి కూడా ఇలాంటి షరతులు పెట్టుకోవచ్చంది.

అక్కడే ఇంకో కథ. ఆస్ట్రియాలో 2023లో ధరలు మండిపోతుంటే, సరుకుల ధరల పట్టిక పెడతామని ప్రభుత్వం మాట్లాడుతూ ఉండగానే మారియో జెక్నర్ అనే ప్రోగ్రామరు సూపర్ మార్కెట్ల సైట్ల నుంచి రేట్లు తీసి జనానికి పెట్టేశాడు. ఇజ్రాయెల్ ఇంకా ముందే తెలివిగా చేసింది. 2014లో చట్టం తెచ్చి, మరుసటేడు నుంచి పెద్ద పెద్ద కొట్లన్నీ తమ ధరలు ఇంటర్నెట్లో పెట్టాల్సిందే అంది. దొంగతనమా కాదా అన్న గొడవే ఉండదు. మనకిది మరీ కొత్తేం కాదు. 1999లో రైతుబజార్లు పెట్టినప్పటి నుంచీ ఏ రోజు రేటు ఆ రోజు బోర్డు మీద రాస్తూనే ఉన్నారు. వంకాయలకు చేసింది కందిపప్పుకి చేయలేరా అని నా గట్టి అభిప్రాయం.

మావాడు రాత్రిపూట లాగడం ఆపేశాడు, ఫొటోలన్నీ చెరిపేశాడు. రేట్ల అంకెలు మాత్రం వాడుకోవడానికి అనుమతి ఇవ్వమని, అమ్ముకునే ఉద్దేశం లేదని ఆ కంపెనీకి ప్లీడరుగారి చేత ఉత్తరం రాయించాడు. జవాబు ఇంకా రాలేదు. యాప్ మాత్రం నడుస్తోంది. ఇప్పుడు బిల్లులు చూసి మేమే అంకెలు ఎక్కిస్తున్నాం. జగ్గయ్యపేట పప్పులు నావి, నందిగామ నూనెలు మా తోటికోడలివి. సబ్బుల వంతు తీసుకునేవాళ్ళే దొరకడం లేదు.