మామగారి బ్రేకులు

మా ఇంట్లో ఒక అంబాసిడర్ కారు ఉంది. 1983 మోడలు, మార్క్ ఫోర్, మీగడ రంగు. మా మామగారు మానుకోటలో వకీలుగా ఉన్న రోజుల్లో సరికొత్తది కొన్నారు. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఎంత పెద్దగా రాసినా మా వాళ్ల నోట అది మానుకోటే. ఆయన పోయాక కారు జనగామకు, మా వాకిట్లోకి వచ్చింది. మా అత్తగారూ వచ్చారు. ఎవరికి ఎవరు తోడు వచ్చారో చెప్పలేను. మా వారికి డ్రైవింగు రాదు. వచ్చని ఆయన అనుకుంటారు, అది వేరే సంగతి. అందుచేత స్టీరింగు నా చేతికి వచ్చింది.

నవలలు రాసుకునే ఆడదానికి కారు బ్రేకులతో ఏం పని అని మీరు నవ్వవచ్చు. కిందటి శ్రావణం దాకా నేనూ అలాగే నవ్వేదాన్ని.

ఆ శ్రావణంలో అత్తగారు కురవి వీరభద్రుణ్ణి చూడాలన్నారు. పాలకుర్తి మీదుగా బయలుదేరాం. తొర్రూరు దాటాక ఒకచోట వాగు నీళ్లు రోడ్డెక్కి పారుతున్నాయి. చక్రాలు సగం మునిగాయి. మెల్లగా దాటించి, నా నేర్పుకు నేనే మురిసిపోతూ కాస్త వేగం పెంచాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా మేకల మంద. మధ్యలో పదేళ్ల పిల్లవాడు, చంకలో మేకపిల్ల.

బ్రేకు తొక్కాను. పెడలు కాలికి గట్టిగానే తగిలింది గాని బండి నా మాట వినలేదు. సీటులోంచి లేచినంత పని చేసి మళ్లీ తొక్కాను. అప్పుడు కుడివైపుకు ఒక్క గుంజు గుంజి, ఆ పిల్లవాడికి బారెడు దూరంలో ఆగింది. వాడు కదల్లేదు. నా ముఖంలోకి చూసి, “బ్రేకులు లేవా అమ్మా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నా చేతుల వణుకు మానుకోట చేరేదాకా తగ్గలేదు.

కురవి గుడి మెట్ల మీద కూర్చున్నాక అత్తగారు నోరు విప్పారు. “తప్పు బండిది కాదు బిడ్డా. మీ మామ నీళ్లు దాటంగనే మెల్లగ పోనిచ్చుకుంట మూడుమాట్ల బ్రేకు నొక్కేటోడు. గప్పుడు ఆరేది.”

బండిది కాకపోతే ఎవరిదో విడమరిచి చెప్పనక్కరలేదు కదా! నాకు కష్టం తోచింది. తరువాత తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని. మన పాత కార్ల బ్రేకు ఒక మూతపెట్టిన డబ్బా వంటిది. చక్రంతోపాటు డబ్బా తిరుగుతుంటే, లోపలినుంచి రెండు షూలు విచ్చుకుని దాని గోడను ఒరుసుకుని ఆపుతాయి. డబ్బాలోకి నీళ్లు చేరితే షూలు జారతాయి. నొక్కి నొక్కి ఆ రాపిడి వేడితో ఆరబెట్టాలి. ఒకవైపు ముందు ఆరితే బండి అటే గుంజుతుంది. వేడి ఎక్కువైనా చిక్కే. డబ్బా వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, కాలు ఇంకా లోపలికి పోతుంది.

తిరుగు ప్రయాణంలో మానుకోటలో మామగారి కాలంనుంచీ ఈ బండిని చూస్తున్న ఉస్తాద్ దగ్గర ఆపాను. జరిగిందంతా విని ఆయన జాకీ పెట్టి ముందు చక్రం విప్పాడు. డ్రమ్ము ఊడదీస్తూ, పైపుతో గాలి కొట్టబోయిన కుర్రాణ్ణి కసిరాడు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉంటుందట, ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. తడిబట్టతో తుడిపించాడు.

“ముంగట డిస్కులు ఏసుకోండ్రి, ఖతం,” అన్నాడు.

“సారు పెట్టుకున్న సామాను ఒక్కటి గూడ తియ్యొద్దు భాయ్,” అన్నారు అత్తగారు.

ఆ మాట కొత్తది కాదు. చినిగిన సీటు కవరు మార్చడానికే నాకు ఏడాది పట్టింది. పాడైన రేడియో ఇప్పటికీ అక్కడే ఉంది, పాడకుండా. అమ్మేసి చిన్న కారు కొనమని చెప్పేవాళ్లకూ కొదవ లేదు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ తంటా వచ్చినప్పుడల్లా మా వారు అదే పాట ఎత్తుకుంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడితే ఆ పూట ఇంట్లో అన్నం ముద్ద దిగదు.

ఉస్తాద్ వాదించలేదు. “వకీల్ సాబ్ నడిపిన దినాలల్ల గీ రోడ్డు మీద ఎన్ని బండ్లుండెనమ్మా? ఇప్పుడు మీ ముంగట పోయే మోటర్ సైకిల్‌కు గూడ డిస్కే. వాడు టక్కున ఆగుతడు. మీరు ఆగరు,” అని, తుడిచిన డ్రమ్మును ఆవిడ ఒళ్లో పెట్టాడు. “లోపట ఏలు పెట్టి చూడుండ్రి.”

ఆవిడ వేలితో తడిమారు. షూ ఒరిసినంత మేరా గోడ అరిగి, అంచున గోరు తట్టుకునేంత గట్టు నిలిచింది. లేత్ మిషను మీద ఇప్పటికే చాలాసార్లు సాపు చేయించాననీ, ఇంకా కోస్తే పగుళ్లు వస్తాయనీ ఉస్తాద్ చెప్పాడు. మా జనగామ పక్కనే పెంబర్తి. ఇత్తడి రేకును ఎంతవరకు కొట్టవచ్చో, ఎక్కడ దాటితే చిరుగుతుందో అక్కడివాళ్ల చేతులకు తెలుసు. అది చూస్తూ ముసలితనానికి వచ్చిన మనిషికి ఈ సంగతి వివరించనక్కరలేకపోయింది.

ఆవిడ ఆ గట్టు మీద వేలు అలాగే ఉంచి, “ఇదంత ఆయన కాలు అరగదీసిందే,” అన్నారు.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తరువాత, “కొత్తది ఏయి భాయ్. ఇది మాత్రం నాకియ్యి,” అన్నారు.

కొత్తది అంటున్నాం గాని డిస్కు బ్రేకు వయసు మా మామగారి వయసుకన్నా ఎక్కువ. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఆయన 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో లెమాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్కులతో గెలిచాక లోకం కన్ను దాని మీద పడింది. మన అంబాసిడరేమో ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు అచ్చు. 1950ల చివర బెంగాలులోని ఉత్తరపాడలో మొదలై 2014 దాకా తయారైంది. డిస్కులు దాని ముందు చక్రాలకు వచ్చింది ఆఖరి కాలంలోనే. అటువంటి ఒక బండి సామాను హైదరాబాదు స్క్రాపు బజారులో దొరికింది. హబ్బులు, డిస్కులు, కాలిపర్లు అన్నీ ఒకే బండివి కావాలని ఉస్తాద్ పట్టుబట్టాడు. ఒక సీరియల్ పారితోషికం అలా చక్రాలకు ఎక్కింది.

డిస్కంటే పళ్లెం. దాన్ని రెండు వైపులా పట్టకారులా పట్టి ఆపుతుంది కాలిపర్. పళ్లెం బయటే తిరుగుతుంది గనుక నీళ్లు నిలవవు, వేడీ త్వరగా పోతుంది. అయితే దీనికి కాలి బలం చాలదు, బూస్టర్ కావాలి. ఆ బూస్టరుకు చోటు వెతకడానికే ఒక రోజు పట్టింది. మాస్టర్ సిలిండరూ మార్చాడు. డ్రమ్ములకోసం పాతది గొట్టాలలో ఎప్పుడూ కాస్త ఒత్తిడి నిలిపి ఉంచుతుందట. డిస్కులకు అదే ఉంచితే పట్టకారు పట్టు వదలదు. చివరకు కుర్రాడు పెడలు తొక్కుతుంటే, బ్రేకు ఆయిల్‌లో గాలి బుడగలన్నీ పోయేదాకా ఉస్తాద్ బండి కింద పడుకుని ఒక్కో చక్రం దగ్గరా పానా తిప్పుతూనే ఉన్నాడు. వెనక చక్రాలకు మాత్రం పాత డ్రమ్ములే ఉంచాడు. బ్రేకు పడగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది గనుక వెనకవాటికి పని తక్కువ, పైగా హాండ్ బ్రేకు వాటిదే.

సద్దుల బతుకమ్మకు ఆడపడుచును తీసుకురావడానికి భూపాలపల్లి వెళ్లాం. వాళ్లాయన సింగరేణిలో ఉద్యోగం. పరకాల దాటాక దారి అంతా లారీలమయం. చెల్పూరు థర్మల్ కేంద్రం దగ్గర ముందు పోతున్న బూడిద లారీ చెప్పాపెట్టకుండా ఆగింది. నా కాలు దానంతటదే పడింది. బండి ఎటూ గుంజకుండా, ముక్కు కాస్త వంచి, తిన్నగా నిలబడింది. వెనకసీటులోంచి అత్తగారి చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం చాలా దూరం తీయలేదు.

పాత డ్రమ్ము మా వరండాలో ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతారు. ఎవరైనా కాలితో తోస్తే మాత్రం ఊరుకోరు.

తిరిగి వస్తుంటే వాన. రేగొండ దగ్గర రోడ్డు పల్లంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. దాటించి గేరు మార్చబోతున్నాను.

“మూడుమాట్ల నొక్కు బిడ్డా,” అన్నారు వెనకనుంచి.

“ఇప్పుడు డిస్కులు కదా అత్తమ్మా!”

“ముంగటియి. ఎనుకటియి గవే కదా?”

మెల్లగా పోనిస్తూ మూడుసార్లు నొక్కాను.