గోల్‌కొండ కాపలాదారు

బషీర్‌బాగ్‌లో దిగి నిజాం కాలేజీ వైపు నాలుగడుగులు వేస్తే, చెట్ల మీదుగా ఎత్తయిన ఫ్లడ్‌లైట్ల స్తంభాలు కనిపిస్తాయి. అదే లాల్‌బహదూర్ స్టేడియం. 1967లో ఆ పేరు పెట్టారుగానీ, పాతకాలం వాళ్లకు అది ఫతే మైదానే. ఫతే అంటే విజయం. ఎవరిదీ విజయం? ఔరంగజేబుది! 1687లో ఎనిమిది నెలలపాటు గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం గుడారాలు వేసుకున్న చోటు ఇదేనంటారు. చివరికి కోట గోడలు కూలలేదు. లోపలివాడే తలుపు తీశాడు. శత్రువులు వరదలా వచ్చిపడుతుంటే అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని మాత్రం ఒంటినిండా గాయాలతో అడ్డం నిలిచాడు.

మైదానానికి గెలిచినవాడి పేరే మిగిలింది. అయితే దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఈ ఊరి ఆటస్థలాల నుంచి మళ్లీ అడ్డం నిలిచేవాళ్లే పుట్టుకొచ్చారు. ఈసారి చేతిలో కత్తి లేదు. కాలి ముందు బంతి ఉంది.

హైదరాబాద్ అంటే ఇప్పుడు బ్యాడ్మింటన్, లేదంటే క్రికెట్. ఫతే మైదాన్ పేరు చెప్పినా ముందు గుర్తొచ్చేది 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో ఇక్కడ జరిగిన తొలి టెస్టు మ్యాచే. లేకపోతే ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు. కానీ అదే 1955కు ముందు అయిదేళ్లు... 1950 నుంచి 1954 దాకా, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా అయిదుసార్లు ఎత్తుకొచ్చింది ఈ ఊరి పోలీసుల ఫుట్‌బాల్ జట్టు. హైదరాబాద్ సిటీ పోలీస్! కలకత్తా క్లబ్బులు ఆ పేరు వింటే జాగ్రత్త పడేవి.

ఆ జట్టు వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో ఈ తరానికీ ఆయన పరిచయమయ్యారు. ఆయన శిక్షణలోనే మన దేశం 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ ఒలింపిక్స్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, జుల్ఫికర్... ఇలా ఎంతమంది హైదరాబాదీలో!

సినిమాలో చూపించడానికి పతకాలు బాగుంటాయి. అంతకన్నా చూడముచ్చటైనవి రహీం సాబ్ ఈ ఊళ్లో పెట్టించిన విచిత్రమైన పోటీలు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకడికి అందించాల్సిందే. మరోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. తమాషాగా అనిపిస్తుందిగానీ, డిఫెండర్‌కు ఇంతకన్నా మంచి బడి లేదు. ఎదుటివాడు కుడివైపు తిరుగుతాడో, ఎడమవైపు తిరుగుతాడో ముందుగా తెలియదు కదా. ఒక కాలే పనిచేసేవాణ్ని రెండోవైపు నుంచి దాటేయడం తేలిక.

సయ్యద్ నయీముద్దీన్ అలాంటి వాతావరణంలో ఎదిగిన కుర్రాడు. 1944లో హైదరాబాద్‌లో పుట్టాడు. 1960ల తొలినాళ్లలో పోలీసు జట్టులోకి వచ్చాడు. సిటీ పోలీస్ అప్పటికే ఆంధ్రా పోలీస్‌గా మారింది. 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. మరుసటి ఏడాదే నయీం దేశం జెర్సీ వేసుకున్నాడు.

అతని పని గోల్ కొట్టడం కాదు, కొట్టనివ్వకపోవడం. అమెరికావాళ్లు ఆడే ఫుట్‌బాల్‌లో అయితే బంతి పట్టుకున్న మనిషినే గుద్ది కింద పడేయొచ్చు. మన కబడ్డీలో కార్నర్ ఆటగాడు రైడర్ మడమ కోసం పొంచి ఉంటాడు. దొరికితే లాగేస్తాడు. కాళ్లతో ఆడే ఫుట్‌బాల్‌లో ఆ రెండూ కుదరవు. భుజానికి భుజం ఆనించొచ్చు, అంతవరకే. పరుగెత్తుకొస్తున్న మనిషి కాళ్ల మధ్య నుంచి బంతిని మాత్రమే తీసేయాలి. ఒక్క అంగుళం తేడా వస్తే ఫౌల్. గోల్ ముందు అయితే పెనాల్టీ. అంటే గట్టిగా ఆడాలి, ఆ గట్టితనమంతా బంతి మీదే చూపించాలి. దానికితోడు మన దక్కను నేల... పచ్చిక తక్కువ, మొరం ఎక్కువ. జారుతూ టాకిల్ చేస్తే తొడల మీది తోలు లేచిపోతుంది. ఇక్కడ డిఫెండర్‌గా బతికి బట్టకట్టినవాడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడు.

నయీం నెగ్గుకొచ్చింది కలకత్తాలో. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్... ఒకదానికి ఆడినవాణ్ని రెండోదాని అభిమానులు క్షమించని ఊరది. అతను మూడింటికీ ఆడాడు! కలకత్తా లీగ్ అంటే వానాకాలం ఆట. మోకాలి లోతు ఉత్సాహం, చీలమండ లోతు బురద. గట్టినేల మీద ఆట నేర్చుకున్న కాళ్లు అక్కడ నడక మార్చుకోవాల్సిందే. ఆ రోజుల్లోనే ఈ ఊరి నుంచి మరో కుర్రాడూ అక్కడికి చేరాడు. మహమ్మద్ హబీబ్. కలకత్తా ముద్దుగా ‘బడే మియా’ అని పిలుచుకున్న ఫార్వర్డ్. 1977లో పీలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు.

1970 డిసెంబరు, బ్యాంకాక్. ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్ నయీముద్దీన్. హబీబ్ కూడా జట్టులో ఉన్నాడు. సెమీఫైనల్లో బర్మా చేతిలో 0-2తో ఓటమి. మిగిలింది కాంస్యం కోసం జపాన్‌తో పోరు. అప్పటి జపాన్ సామాన్యమైన జట్టు కాదు. రెండేళ్ల క్రితమే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మనవాళ్లు ఒక గోల్ కొట్టారు. ఆ తర్వాత? ఆ తర్వాత కథంతా డిఫెండర్లదే. జపాన్ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. 1-0. పత్రికల్లో గోల్ కొట్టినవాడి పేరు వస్తుంది, కొట్టనివ్వనివాళ్లు గ్రూపు ఫొటోలో కనిపిస్తారు. అదృష్టవశాత్తూ నయీంను ఆ ఏడాది అర్జున అవార్డు వరించింది.

ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మన దేశానికి దక్కిన ఆఖరి పతకం అదే. అర్ధశతాబ్దం దాటిపోయింది.

ఆట మానేశాక నయీం కోచ్ అయ్యాడు. మైదానంలో ఎంత కరకో, శిక్షణలోనూ అంతే. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. అదే ఏడాది ద్రోణాచార్య పురస్కారం. 1997లో, 2005లో దక్షిణాసియా టైటిల్ గెలిచిన భారత జట్లకూ ఆయనే గురువు. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ పాఠాలు చెప్పాడు. ఇన్ని చేసిన మనిషి పేరు కలకత్తా ట్రామ్‌లో అడిగితే చెప్పేవాళ్లు దొరుకుతారు. నాంపల్లి ఆటోలో అడిగి చూడండి!

ఆ తరం ఆడిన చోట్లు చూడాలనుకునేవాళ్లకు ఒకరోజు చాలు. సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే రైలెక్కితే దారిలో అమ్ముగూడ అనే చిన్న స్టేషన్ వస్తుంది. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని దగ్గర రెండు రూపాయలకు ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నానని చెప్పుకున్న బలరాం, ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. జబ్బు చేసి 1963లో, ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేశాడు. తర్వాత బెంగాల్లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆగస్టు 15న హబీబ్ మాత్రం హైదరాబాద్‌లోనే తుదిశ్వాస విడిచాడు.

అక్కడినుంచి ఊళ్లోకి వస్తే గోషామహల్. పోలీసుల మైదానం. ఇక్కడ కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. పాత ఉస్మానియా పెచ్చులూడి రోగులు పడిన అవస్థ తెలిసినవాళ్లెవరూ ఆసుపత్రి వద్దనరు. అయినా నగరం నడిబొడ్డున పిల్లలు పరుగెత్తడానికి వీలైన జాగాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు.

చివరి మజిలీ గచ్చిబౌలి. బాలయోగి స్టేడియం. పచ్చిక దట్టంగా, కుర్చీలు వరుసగా, అన్నీ బాగున్నాయి. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ దీన్ని సొంతగడ్డ చేసుకుంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ కూడా గెలిచింది. ఆ ఫైనల్ జరిగింది మాత్రం గోవాలో. మళ్లీ ఈ ఊరికి మంచిరోజులొచ్చాయని అనుకునేలోపే, 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

అంతకు ముందటి ఏడాది చివరి రోజున, 2024 డిసెంబరు 31న, ఇదే స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. రాష్ట్రాల జట్లు తలపడే పోటీ అది. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరుసగా రెండుసార్లు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో బెంగాల్‌నే ఓడించి ఒక్కసారి గెలిచింది. గచ్చిబౌలి ఫైనల్లో ఆడినవి బెంగాల్, కేరళ. 0-0తో అదనపు సమయానికి వెళ్తుందనుకుంటుండగా, ఆఖరి నిమిషాల్లో కేరళ డిఫెన్స్ ఒక్కసారి ఏమరింది. బెంగాల్ 1-0తో ముప్ఫై మూడోసారి ట్రోఫీ పట్టుకుపోయింది.