ఫొటోలో లేనివాళ్లు ఎక్కడున్నారు?

సియోల్‌లో నా పార్ట్‌టైం పనేంటో మా నాన్నకి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. "అయితే ఆఫీసర్లకి పాఠాలు చెప్తున్నావా?" అన్నారు. కాదు నాన్నా, పాఠాలు ప్రొఫెసర్లు చెప్తారు. నేను ఆ ఆఫీసర్లని బస్సెక్కిస్తా, దింపుతా. ఎవరు మాంసం తినరో, ఎవరికి హలాల్ కావాలో హోటల్‌కి ముందే చెప్తా. స్లైడ్లు సరిచేస్తా. "అంటే టూరిస్ట్ గైడ్‌వన్నమాట" అని తేల్చేశారు.

ఒకరకంగా నిజమే. కాకపోతే మా టూరిస్టులు వేరు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మంగోలియా, ఫిలిప్పీన్స్, వియత్నాం నగరాల నుంచి వచ్చే మునిసిపల్ ఇంజినీర్లు, టౌన్ ప్లానర్లు. బ్యాచ్‌కి పదిహేను, ఇరవై మంది. మూడు వారాల కోర్సు. అర్బన్ ప్లానింగ్‌లో మాస్టర్స్ చేస్తూ రెండేళ్లు ఆ కోర్సుల్లో అసిస్టెంట్‌గా ఉన్నా. మన ఊళ్లో ఏ డ్రైన్ ఎటు పోవాలో, ఏ ఇల్లు ఉండాలో, ఏది పోవాలో ఫైల్ మీద రాసేవాళ్లు ఎలా ఆలోచిస్తారో దగ్గరగా చూసింది అక్కడే.

ఖర్చంతా ఎవరిదనుకుంటున్నారు? కొరియాదే. 1950-53 యుద్ధంలో నేలమట్టమైన సియోల్, ఆ తర్వాత చాలా ఏళ్లు విదేశీ సాయం మీదే నిలబడింది. 1991లో సాయం చేయడానికి కొయికా అనే సొంత ఏజెన్సీ పెట్టుకుంది కొరియా. సింగపూర్ 1992 నుంచి, జపాన్ అంతకన్నా ముందు నుంచీ ఇలాంటి కోర్సులు నడుపుతున్నాయి. మనమేం తక్కువ కాదు. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద హైదరాబాద్ సంస్థలకీ విదేశీ అధికారులు ట్రైనింగ్‌కి వస్తుంటారు.

ఇందులో స్నేహం ఉంది, వ్యాపారమూ ఉంది. రేపు ఆ ఊళ్లో బస్ కార్డులకో, చెత్త ప్లాంటుకో టెండర్ పిలిస్తే ముందు గుర్తొచ్చేది చూసొచ్చిన ఊరే కదా!

రంగులు కాదు, జీతం

కోర్సు మొదట్లో ప్రతి ఒక్కరూ "కంట్రీ రిపోర్ట్" చెప్పాలి. మా ఊరు ఇదీ, మా కష్టాలు ఇవీ అని. మొదటి బ్యాచ్ అప్పుడు శ్రద్ధగా నోట్స్ రాసుకున్నా. మూడో బ్యాచ్‌కి రాయడం మానేశా. ఊరి పేరు మారుతుంది తప్ప కష్టాలు అవే. వానొస్తే మునిగే రోడ్డు, కాగితాల్లేని ఇళ్లు, ఎక్కడ పోయాలో తెలియని చెత్త, ఒకరినొకరు తోసుకునే బస్సులు.

తర్వాత ఫీల్డ్ విజిట్లు. సియోల్ బస్సులు చూడగానే అందరూ ఫోన్లు తీస్తారు. నీలం రంగువి నగరం ఆ చివర నుంచి ఈ చివరకి, ఆకుపచ్చవి మెట్రో స్టేషన్‌కీ గల్లీలకీ మధ్య, ఎర్రవి పక్క ఊళ్లకి. రోడ్డు మధ్యలో బస్సులకి విడిగా లేన్. ఒకే కార్డుతో బస్సు దిగి మెట్రో ఎక్కొచ్చు. 2004 జులై 1న ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. మొదటి రోజుల్లో కార్డు మెషీన్లు మొరాయించాయి, ఏ బస్సెక్కాలో తెలియక జనం తిట్టారు, మేయర్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

మా బ్యాచ్‌లో మనీలా వైపు నుంచి వచ్చిన ఒకాయన రంగుల్ని పట్టించుకోలేదు. "డ్రైవర్‌కి డబ్బు ఎలా వస్తుంది?" అని అడిగాడు. వాళ్ల దగ్గర జీప్నీ డ్రైవర్ రోజూ ఓనర్‌కి ఇంత అని కట్టి, మిగిలింది జేబులో వేసుకుంటాడు. మన దగ్గర కిరాయి ఆటో లెక్కే. అందుకే మనిషి కనిపిస్తే చాలు, రోడ్డు మధ్యలోనైనా ఆపుతాడు. సియోల్‌లో అసలు మార్పు అక్కడే జరిగింది. ఎంతమంది ఎక్కారన్నది కాకుండా, బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్కన కంపెనీకి డబ్బులొచ్చే పద్ధతి పెట్టారు. రూట్లు నగరం చేతిలోకి వెళ్లాయి. లోటు వస్తే నగరమే పూడుస్తుంది, అది ఇప్పటికీ పెద్ద భారమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలు, రంగులు ఎవరైనా వేసుకోవచ్చు.

ఇంకో రోజు నంజిడో వెళ్లాం. హాన్ నది ఒడ్డున రెండు పచ్చటి కొండలు. అక్టోబర్‌లో పైన రెల్లు వెండిలా మెరుస్తుంది, జంటలు ఫొటోలు దిగుతుంటారు. అవి కొండలు కావు. 1978 నుంచి 1993 దాకా సియోల్ పోసిన చెత్త. ఆ చెత్త ఏరుకుంటూ అక్కడే బతికిన కుటుంబాలుండేవి. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నాటికి దాన్ని పార్కు చేశారు.

అందరూ మెట్లెక్కి సెల్ఫీలు తీసుకుంటుంటే శ్రీలంక నుంచి వచ్చిన ఇంజినీరు ఒక్కడే కింద ఆగిపోయాడు. ఏమైంది సార్ అని అడిగితే "మీతొటముల్ల పేరు విన్నావా?" అన్నాడు. 2017 ఏప్రిల్‌లో, సరిగ్గా వాళ్ల కొత్త సంవత్సరం రోజున, కొలంబో దగ్గర చెత్తకొండ కూలి పక్కనున్న ఇళ్ల మీద పడింది. 30 మందికి పైగా చనిపోయారు. ఆయన ఆ రోజంతా పార్కు గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. వాలు ఎంత పెట్టారు? కిందికి దిగే మురుగు నీటిని ఎలా ఆపారు? లోపలి గ్యాస్‌ని ఎలా బయటికి తీస్తున్నారు? ఇవే. పార్కుకి ముందు అక్కడ జరిగిన పని అదే మరి. చుట్టూ గోడ దించి, మురుగు తోడి, గ్యాస్‌ని పైపుల్లో పట్టి ఇళ్లు వెచ్చగా ఉంచడానికి వాడుతున్నారు.

చాదర్‌ఘాట్ నుంచి ఒక మెసేజ్

2024 అక్టోబర్‌లో తెలంగాణ నుంచి మంత్రులు, అధికారులు, జర్నలిస్టులు సియోల్ వచ్చారు. మూసీ ప్రాజెక్టు కోసం హాన్ నదినీ, చోంగ్‌గ్యేచోన్ వాగునీ చూడటానికి. ఆ రోజుల్లోనే మా బ్యాచ్‌నీ అదే వాగు దగ్గరికి తీసుకెళ్లాలి. ముందురోజు రాత్రి నా ఇంటర్ ఫ్రెండ్ వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. చాదర్‌ఘాట్‌లో వాళ్ల గల్లీ. గోడ మీద ఎర్ర రంగు గుర్తు.

"ఏమే, మీ దగ్గరున్న నది అసొంటిదే ఇక్కడ చేస్తరంట కదా. ఆడ ఒడ్డు మీద ఇండ్లున్నోళ్లని ఏం చేసిండ్రు? మాది కిరాయి ఇల్లు. మాకేమన్న ఇస్తరా? జర అడిగి చెప్పవా?"

చోంగ్‌గ్యేచోన్ కథ చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. సియోల్ నడిబొడ్డున వాగు మీద కాంక్రీటు కప్పి రోడ్డు, దాని పైన ఫ్లైఓవర్. 2003లో ఫ్లైఓవర్ కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబర్‌లో 5.8 కిలోమీటర్ల వాగుని మళ్లీ తెరిచారు. ఎండాకాలం చుట్టుపక్కల కన్నా చల్లగా ఉంటుంది. చేపలున్నాయి. ఆఫీసులవాళ్లు లంచ్ తర్వాత కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటారు. నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపులతో తెచ్చి వదులుతారన్నది మాత్రం రీల్స్‌లో ఉండదు.

ఆ రోజు స్లైడ్లలో ఫ్లైఓవర్ ఉంది, షాపులవాళ్లతో జరిపిన చర్చలున్నాయి, ఫుట్‌పాత్ వ్యాపారులున్నారు. ఇళ్లు మాత్రం లేవు. టీ బ్రేక్‌లో ప్రొఫెసర్ గారిని అడిగా. ఆయన పెద్దాయన, ఆ నగరంలోనే పుట్టి పెరిగారు. నా ఫోన్‌లో ఫొటో చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: "2003లో ఇళ్లెందుకుంటాయి? అంతకు ముప్పై ఏళ్ల ముందే తీసేశాం."

యుద్ధం తర్వాత ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు ఆ వాగు మీద కర్రలు పాతి, చెక్కలతో గుడిసెలు వేసుకున్నారట. 1958 నుంచి వాగుని కప్పడం మొదలైంది. 1960ల చివర్లో, అక్కడివాళ్లతో పాటు నగరంలోని ఇతర గుడిసెవాసులనీ కలిపి, లక్ష మందికి పైగా జనాన్ని ఆగ్నేయంగా 20 కిలోమీటర్ల అవతల ఖాళీ కొండల్లో దింపారు. అక్కడ నీళ్లు సరిగా లేవు, పని లేదు, పనికి వెళ్లడానికి చాలినన్ని బస్సుల్లేవు. 1971 ఆగస్టు 10న జనం తిరగబడ్డారు. ఆ చోటే ఇప్పటి సోంగ్‌నమ్ నగరం. ఈరోజు నేవర్, కకావో లాంటి ఐటీ కంపెనీలున్నది కూడా ఆ నగరంలోనే.

ఆ సాయంత్రం చోంగ్‌గ్యేచోన్ మ్యూజియం దగ్గర పాత గుడిసెల నమూనాలు చూశాం. మా షెడ్యూల్‌లో దానికి ఇచ్చిన టైం చాలా తక్కువ. ఫ్రెండ్‌కి ఏం రాయాలి? "ఇక్కడ వాగు తెరిచినప్పుడు దాని మీద ఉన్నది రోడ్డు, ఇళ్లు కాదు. ఇళ్లు అంతకుముందే పోయాయి. ఆ జనం చాలా కష్టపడ్డారు. కిరాయి రసీదు, కరెంటు బిల్లు, పిల్లల స్కూల్ కాగితాలు జాగ్రత్త పెట్టుకో. సర్వేకొస్తే కిరాయివాళ్ల పేర్లు కూడా రాయమని అడుగు" అని రాశా.

మూసీ బాగుపడాలని కోరుకోని హైదరాబాదీ ఉండడు. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్యని పిలిపించుకుని, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న ఊరు మనది. కానీ 5.8 కిలోమీటర్ల వాగు వేరు, నగరంలో దాదాపు 55 కిలోమీటర్లు పారే నది వేరు. ఇక్కడ పంపుతో మంచి నీళ్లు వదిలారు. మూసీలోకి వస్తున్నది మన ఇళ్ల మురుగే. ఒడ్డున దీపాలు పెట్టే ముందు ఆ మురుగుని ఆపాలి. ఒడ్డున ఉన్న మనుషుల సంగతి అంతకన్నా ముందు తేలాలి. సియోల్ చూసి కాపీ కొట్టాల్సింది ఏదైనా ఉంటే, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరసే అనిపించింది.

ఆదివారం సంత

మా బ్యాచ్‌లో నేపాల్ నుంచి ఒక ఇంజినీరమ్మ ఉండేది. నేను దీదీ అనేదాన్ని. వాళ్ల ఊళ్లోనూ నది ఒడ్డున గుడిసెలు, వాళ్ల ఆఫీసులోనూ దాని మీద ఒక ఫైలు. టీ దగ్గర మా మాటలు విన్నట్టుంది. "ఆ ఫుట్‌పాత్ వ్యాపారులు ఇప్పుడెక్కడున్నారు? చూపిస్తావా?" అని అడిగింది.

ఆదివారం మెట్రోలో సిన్సోల్‌డాంగ్ తీసుకెళ్లా. వాగు పని మొదలైనప్పుడు ఆ వ్యాపారుల్లో చాలామందిని డాంగ్‌డేమున్ పాత స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకి స్టేడియాన్నీ కూల్చి, దాని స్థానంలో డిజైన్ ప్లాజా కట్టారు. కె-డ్రామాల్లో కనిపించే వెండి రంగు బిల్డింగ్ అదే. వ్యాపారులు మళ్లీ సామాను మోసుకుని ఈ సంతకి వచ్చారు. పాత రేడియోలు, సైన్యం బూట్లు, గడియారాలు. ఒక ముసలాయన స్క్రూడ్రైవర్లు అమ్ముతున్నాడు. నా అరకొర కొరియన్‌లో అడిగితే, రెండుసార్లు మారానని రెండు వేళ్లు చూపించాడు. బేరం ఎలా ఉందంటే చెయ్యి అటూ ఇటూ ఊపాడు.

దీదీ ఫొటో తీసుకోలేదు. ఒక స్క్రూడ్రైవర్ కొనుక్కుంది.

కోర్సు చివర్లో ప్రతివాళ్లూ "యాక్షన్ ప్లాన్" చెప్పాలి, మా ఊరెళ్లి ఇది చేస్తాం అని. మామూలుగా చివరి స్లైడ్‌లో వాగు ఫొటో, "మా కల" అని రాసి ఉంటుంది. దీదీ మొదట పంపిన ఫైల్‌లోనూ అదే ఉంది. ప్రెజెంటేషన్ రోజు పొద్దున కొత్త ఫైల్ ఇచ్చింది. ఫొటో బదులు ఒక పట్టిక. సొంత ఇల్లున్నవాళ్లు, కిరాయికి ఉన్నవాళ్లు, అక్కడే బండి పెట్టుకుని బతికేవాళ్లు, పనికి ఎంత దూరం వెళ్తారు, పిల్లలు ఏ స్కూల్లో ఉన్నారు. "నిర్ణయం తీసుకునేంత పెద్ద ఆఫీసర్ని కాను. కానీ సర్వే ఫారం తయారు చేసేది నేనే" అంది. అంతే, కూర్చుంది. చప్పట్లు ఓ మోస్తరుగా పడ్డాయి. దీపాల ఫొటో పెట్టినాయనకి ఎక్కువ పడ్డాయి.

ఇలాంటి ట్రైనింగుల్లో అందరికీ తెలిసిన బలహీనత ఒకటుంది. చూసొచ్చినవాళ్లు ఆ కుర్చీలో ఎంతకాలం ఉంటారో తెలియదు. మా పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో పండగ శుభాకాంక్షల తర్వాత ఎక్కువగా కనిపించే మాట "ట్రాన్స్‌ఫర్". చెత్త గురించి మూడు వారాలు నేర్చుకున్నాయన వెళ్లి పన్నుల విభాగంలో కూర్చుంటాడు. మనిషి మారినా పని మిగలాలంటే, నేర్చుకున్నది ఆయన తలలో ఉంటే చాలదు. ఏదో ఒక కాగితంలోకి, ఒక రూల్‌లోకి, ఒక ఫారంలోకి చేరాలి.

దీదీకీ ఏడాదిలోపే బదిలీ అయింది, ఇప్పుడు నీటి సరఫరాలో ఉంది. మొన్న దసరాకి మెసేజ్ పెట్టింది. నది ఫైలు ఇంకా కదల్లేదట. కానీ సర్వే మాత్రం అయింది. ఆమె స్థానంలో వచ్చినాయన పాత ఫారమే వాడాడు, మార్చే తీరిక లేక. అందులో కిరాయివాళ్ల కాలమ్ అలాగే ఉంది. నిండింది కూడా.