ఖైదీల చిట్టాలు, పాత పత్రికలు

ఆస్ట్రేలియాలో బ్రిటిష్ వలస 1788లో సిడ్నీ దగ్గర మొదలైంది. మొదట దిగినవారిలో చాలామంది శిక్షపడిన ఖైదీలు. నేటి వారసులకు సొంత ఖర్చుతో వచ్చిన రైతు కంటే ఖైదీ జాడే తరచు తేలిగ్గా దొరుకుతుంది. టాస్మేనియా చిట్టాల్లో ఖైదీ ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లు, నేర్చిన పని కూడా నమోదయ్యాయి. పేదవాడి ఒళ్లు ఇంత వివరంగా కాగితానికెక్కడం చరిత్రలో అరుదు.

న్యూ సౌత్ వేల్స్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1856లో మొదలైంది. అంతకుముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టినచోటు, కాలనీలో గడిపిన ఏళ్లు, పిల్లల వివరాలు ఉంటాయి. అయితే అవి చెప్పింది పోయిన మనిషి కాదు, ఏ అల్లుడో పొరుగువాడో. కనుక ఓడ ప్రయాణికుల జాబితాతో సరిచూడక తప్పదు. 1882లో సిడ్నీలోని గార్డెన్ ప్యాలెస్ భవనం తగలబడి, అందులో ఉంచిన 1881 జనాభా లెక్కల పత్రాలు బూడిదయ్యాయి.

ఈ లోటును కొంతవరకు పూడ్చేవి పత్రికలే. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే 'ట్రోవ్' వెబ్‌సైట్‌లో 1803 నాటి సిడ్నీ గెజెట్ నుంచీ చదవవచ్చు. స్కాన్ చేసిన పేజీల్లో యంత్రం తప్పు చదివిన అక్షరాలను పాఠకులే దిద్దుతారు. పేరు ఒక్కటే వెతికితే చాలదు, ఊరు, పొలం, ఓడ పేర్లూ వెతకాలి. దివాలా ప్రకటన, తప్పిపోయిన గుర్రం, కోర్టు తగాదా: సంసారం నిజంగా ఎలా సాగిందో తెలిసేది వీటిలోనే.

భూమి మంజూరు పత్రాల్లో ఎకరాలు, హద్దులు ఉంటాయి. ఆ నేలపై వేల ఏళ్లుగా బతికిన ఆదివాసుల ఊసు సాధారణంగా ఉండదు. వారిపై జరిగిన దాడుల వార్తలు మాత్రం అదే కాలపు పత్రికల్లో కనిపిస్తాయి. వంశచరిత్ర రాసేవారు ఆ రెంటినీ కలిపే చదవాలి.