పాత రంపం ఎవరికివ్వాలి?

మా మదర్సా వంటశాలలో పెద్ద దేగ్‌లు ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదనే ఉడుకుతాయి. ఎల్.బి. నగర్ వైపున్న మా ఆవరణలో వేప, తురాయి చెట్లున్నాయి. వేసవి గాలివానలకు విరిగిపడే కొమ్మలను ముక్కలుగా కోసి పేర్చే పని ఇరవై ఏళ్లుగా నాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక రంపం మిషను ఇన్నాళ్లూ నాకు తోడుగా ఉంది. కొంతకాలంగా అది నెమ్మదిగా, వంకరగా కోయసాగింది. ముసలిదైపోయిందని తీర్మానించుకుని, రాణిగంజ్ వెళ్లి కొత్తది కొన్నాను.

కొత్త మిషనును వెంటనే పూర్తి వేగంతో తిప్పరాదు. మొదటి మూడు నాలుగు ట్యాంకులు మితమైన వేగంతో నడిపి, మధ్యమధ్య విశ్రాంతినివ్వాలి. పాతదానికి లీటరు పెట్రోలులో 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపేవాడిని, దీనికి 20 చాలు. కొత్త చైను త్వరగా సాగుతుంది. అది చల్లారాక బిగువు సరిచూడాలి. బార్ కింద వేలాడకూడదు, చేత్తో లాగితే కదలకుండా బిగుసుకోనూ కూడదు. దావూద్ (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచపు కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆజ్ఞాపించిన సంగతి సబా సూరాలో ఉంది. ఆ ఆయతులను ఎన్నోసార్లు బోధించాను. కడియాల కొలత అంటే ఏమిటో ఆ రోజు చేతికి తెలిసింది.

ఒకే వేప దుంగను రెండింటితోనూ కోసి చూశాను. కొత్తది తిన్నగా దిగింది, పెళుసులు పెళుసులుగా పొట్టు రాల్చింది. పాతది పిండిలాంటి పొడి రాల్చి, పొగలు కక్కి, ఒక పక్కకు ఒరిగింది. దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మెకానిక్‌గా ఉన్న నా పూర్వ విద్యార్థి వద్దకు తీసుకెళ్లాను. అతడు చైను తిప్పి చూసి, మొహమాటపడుతూ అన్నాడు: "హజ్రత్, మిషను బాగానే ఉంది. ఆకురాయి ఒకవైపే ఎక్కువ పడింది. కుడి పళ్లు అరిగి చిన్నవయ్యాయి, ఎడమవి పొడవుగా ఉన్నాయి. అందుకే వంకర పోతోంది."

నా చేతికి అనువైన వైపే ఇన్నేళ్లూ ఎక్కువగా అరగదీశానన్నమాట! అతడు రెండువైపులా పళ్లను సమానం చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే పాత రంపం కూడా తిన్నగానే కోసింది. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడని, జబహ్ చేసేవారు కత్తిని పదును పెట్టుకోవాలని తెలిపే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దాన్ని పిల్లలకు వల్లె వేయించే నేను, నా చేతి వంకరను ఇనుము మీదికి నెట్టాను.

అయితే ఒక తేడా మాత్రం పదునుతో తీరేది కాదు. బార్ కొస పైభాగం కొమ్మకు తగిలితే రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగదన్నుతుంది. కొత్తదానికి పిడి ముందు ఒక అడ్డు ఉంది. చెయ్యి దానికి తగలగానే బ్రేకు పడి, రెప్పపాటులో చైను ఆగుతుంది. పాతదానికి ఆ బ్రేకు లేదు. అందుకే మా తమ్ముడి కొడుకును దాన్ని ముట్టుకోనిచ్చేవాడిని కాదు.

దుంగలు మోయడానికి కూలీల అడ్డా నుంచి వచ్చిన ఒకతను అది చూసి, "సాబ్, కొత్తది వచ్చింది కదా, పాతది నాకివ్వండి. నెలనెలా పైసలు కడతా" అన్నాడు. ఉచితంగానే ఇచ్చేద్దామని, పుణ్యం దక్కుతుందని నా మనసు ఉప్పొంగింది. ఇస్తానని నోటిదాకా వచ్చిన మాట ఆగిపోయింది. మనకిస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోలేని దాన్ని ఇతరులకు దానంగా ఇవ్వరాదని బఖరా సూరా హెచ్చరిస్తోంది. బ్రేకు లేదని అతనికి వివరించాను. "ఇన్నేళ్లూ మీకేం కాలేదు కదా సాబ్" అన్నాడు. లోపం చెప్పాక కొనేవాడు ఒప్పుకుంటే ఫిఖ్హ్ ప్రకారం బేరం చెల్లుతుంది. కానీ నా ఇంటి బిడ్డ చేతికి తగనిది, అతని చేతికెలా తగుతుంది? ఇవ్వనన్నాను. నన్ను పిసినారి అనుకున్నాడేమో, చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇషా నమాజులో మాఊన్ సూరా పఠించాను. మాఊన్ అంటే గొడ్డలి, కుండ, బొక్కెన వంటివి, ప్రజలు ఒకరికొకరు ఎరువిచ్చుకునే వస్తువులని ఇబ్నె మస్‌ఊద్ (రజి) వివరించారు. ప్రమాదకరమైనదాన్ని ఇవ్వకపోవడం సరే, మరి అతని అవసరం సంగతేమిటి? కాదన్నంత మాత్రాన నా బాధ్యత తీరిపోయిందా?

వారం తర్వాత అడ్డాకు వెళ్లి అతన్ని వెతికి పట్టుకున్నాను. అప్పటికి కొత్త మిషను నాలుగు ట్యాంకులు తిరిగి కుదురుకుంది. పని దొరికిన రోజున దాన్ని తీసుకెళ్లమని, పెట్రోలు మాత్రం తన ఖర్చని, సాయంత్రానికి తిరిగి తేవాలని చెప్పాను. కళ్లద్దాలూ ఇచ్చాను. మొదట నమ్మలేదు. ఇప్పుడు నెలకు నాలుగైదుసార్లు వస్తున్నాడు. తిరిగిచ్చే ముందు చైను తుడిచి మరీ ఇస్తాడు.

పాతదాని ప్లగ్గు తీసేసి వరండాలో బల్లకు బిగించాను. జుమా సెలవు రోజున పిల్లలు దాని చైను మీద ఆకురాయి పట్టడం నేర్చుకుంటున్నారు. కుడివైపు పంటికి ఎన్ని రుద్దులో, ఎడమవైపుకూ అన్నే. వాళ్లు పైకి లెక్కపెడుతుంటే, పక్కన కూర్చుని నేనూ లెక్కపెడుతుంటాను.