చిన్న గేటు, పెద్ద కుక్క

ఈ ఆదివారం వర్గీకరణ మీద రెండో భాగం రాస్తానని మాటిచ్చిన. అది వచ్చే వారం. ఈ వారం ఒక కుక్క గురించి రాస్త. నవ్వకండి, చదవండి.

నా కుడి పిక్క మీద నాలుగు పళ్ల గాట్లున్నయి. 1991ల పడినయి, అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. మాది అడ్డగుట్ట. అమ్మ ఈస్ట్ మారేడ్‌పల్లిల ఒక బంగళాల గిన్నెలు తోమేది. బడి లేని రోజు నేను ఆమె కొంగు పట్టుకుని పోయేటోణ్ణి. ఆ ఇంటికి రెండు గేట్లు. పెద్దది కారుకు, అయ్యగారికి. పక్క సందుల చిన్నది అమ్మకు, చెత్త తీసే ఆమెకు. ఆ రోజు నా బంతి పెద్ద గేటు దిక్కు దొర్లింది. దాని ఎనక నేను ఉరికిన. అయ్యగారు వచ్చి కుక్క మెడపట్టీ పట్టుకుని అమ్మను అడిగిండు, "అటెందుకు పోనిచ్చావు?" అని. నా కాలు దిక్కు సూడలేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మీ తరానికి తెల్వదు గానీ, 2005 నాటికి ఆ మందు మన దేశంల బందయింది. ఇప్పుడైతే చేతికే వేస్తరు. అయితే ఒక్క మాట, కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టుకుంటూ కూసోకండి. పారే నీళ్లు, సబ్బుతోటి పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే సూదికి పోండి. రేబిస్ లక్షణాలు కనపడ్డయంటే ఇక మనిషి దక్కడం దాదాపు ఉండదు.

అప్పటి నుంచి పెద్ద కుక్క అంటే నాకు భయం కన్నా కోపం ఎక్కువ. 1927 మార్చి 20న మహాడ్‌ల బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి మీటింగుల చెప్పినప్పుడల్లా, పశువులు తాగే నీళ్లు మనుషులకు నిషేధం అన్న కాడ నా గొంతు లేచేది. మీరు చప్పట్లు కొట్టేది. ఆ గొంతుల నా పిక్క నొప్పి కూడా ఉండేదని ఎవరికీ చెప్పలే.

2022ల అమ్మ ఒక జర్మన్ షెపర్డ్‌ను ఇంటికి పట్టుకొచ్చింది.

అదే వీధిల ఇంకో ఇల్లు. ముసలాయన ఒక్కడే ఉండేటోడు, పోయిండు. కొడుకులు అమెరికాల. ఇల్లు బిల్డర్‌కు ఇచ్చిన్రు. కుక్క మిగిలింది. ఆరేండ్లు దానికి పెరుగన్నం కలిపింది అమ్మనే. "ఇడిసిపెడితే సస్తది బిడ్డా" అన్నది. దాని పేరు సీజర్. ముప్పై అయిదు కిలోలు. మా ఇల్లు రెండర్రలు, ముందట ఇంత వాకిలి.

సీజర్‌కు అమ్మ తప్ప లోకంల అందరూ దొంగలే. గల్లీల చెప్పు సప్పుడైతే గోడ ఎక్కేది. అన్నిటికన్నా ఎక్కువ ఎవరి మీద మొరిగేదో తెలుసా? సంచి భుజాన ఏసుకున్నోళ్ల మీద, చీపురు పట్టుకున్నోళ్ల మీద, హెల్మెట్ పెట్టుకున్నోళ్ల మీద. మా అక్క అన్నది, "దీనికి సుత కులం నేర్పిన్రురా" అని. నేను సుత అట్లనే అనుకున్న. బంగళా కుక్క, మనల్నే గుర్తుపట్టి మొరుగుతది అని.

అది తప్పని చెప్పింది రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల చదివే మన జూనియర్ చెల్లె. ఆమె మాటలు నాకు అర్థమైనట్టు చెప్త. కుక్కపిల్ల పుట్టిన మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఏం చూస్తదో, ఏం వింటదో అవి దానికి మామూలు సంగతులైతయి. ఆ వయసుల గోడల మధ్య పెట్టి ఒక్క ముసలాయన మొఖమే చూపిస్తే, మిగిలిన మనుషులంతా దానికి పెద్దపులులే. చిన్న గేటు కాడికి సంచి మనిషి వస్తడు, ఇది మొరుగుతది, ఆయన పోతడు. ఆయన ఎట్లాగూ పోయేటోడే. కానీ కుక్క లెక్కల, మొరిగినందుకే పోయిండు. రోజూ గెలుస్తది. ఆరేండ్లు గెలిచింది. "అన్నా, అది కోపం కాదు, భయం" అన్నది చెల్లె. "నీకు తెల్వదా భయం ఎట్లుంటదో?"

నాకు మాట రాలేదు.

2023 జనవరిల బంజారాహిల్స్‌ల, ఆర్డర్ ఇయ్యడానికి పోయిన డెలివరీ పిల్లగాని మీదికి ఇసొంటి కుక్కనే ఉరికింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి సచ్చిపోయిండు. ఇరవై మూడేండ్లు. ఫిబ్రవరిల అంబర్‌పేటల వీధికుక్కలు ఒక సెక్యూరిటీ గార్డు కొడుకును, నాలుగేండ్ల పోరణ్ణి, చంపినయి. మీరు గమనించిన్రో లేదో, టీవీల వారం రోజులు కుక్కల ప్రేమికులు, కుక్కల విరోధులు కొట్లాడిన్రు. తండ్రి పని కాడ ఆ పోరడు ఎందుకుండె, పని చేసేటోళ్ల పిల్లల్ని ఏడ పెట్టుకోవాలె అని అడిగినోళ్లు తక్కువ.

మా గల్లీల చెత్త ఆటో మీద వచ్చే పెద్దమ్మ వాకిలి దాటుతుంటే సీజర్ గోడ మీంచి ఆమె కొంగు పట్టింది. చినిగింది, గాయం కాలేదు. పెద్దమ్మ కూసోని ఏడ్చింది. "ఆ బంగళాలల్ల మొరిగిచ్చుకుంట, ఈడికొచ్చినా ఇదేనారా?" అన్నది. బస్తీ పెద్దలు వచ్చి కుక్కను పంపియ్యమన్నరు. వాళ్లది న్యాయమే. నేను ఒక నెల గడువు అడిగిన. అదే వారం అమ్మకు గాంధీల గర్భసంచి ఆపరేషన్ పడింది. ఇక ఇంట్ల కుక్క, నేను.

రెండు రోజులు అది బువ్వ ముట్టలే. నేను గిన్నె పెట్టబోతే పళ్లు చూపిస్తది. చెల్లె ఫోన్‌ల చెప్పిన మొదటి సూత్రం, "నువ్వేం చెయ్యకు." పది అడుగుల దూరంల, పక్కకు తిరిగి కూసో. కండ్లల్లకు సూడకు. చెయ్యి చాపకు. అది గుర్రుమంటే కొట్టకు, తిట్టకు. గుర్రు అంటే అది ఇచ్చే హెచ్చరిక, దాన్ని మాన్పిస్తే రేపు చెప్పకుండ కరుస్తది. తోక ఊపితే దోస్తీ అనుకోకు. పెదవులు నాకడం, ఊరికే ఆవులించడం, తల తిప్పి కంటికొనల తెల్లగా సూడడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగున్నది" అని దాని భాష.

రోజూ పొద్దుమూకి అట్ల కూసున్న. చేతిల పుస్తకం, పక్కకు ఉడకబెట్టిన పెద్దకూర ముక్కలు. ఒక్కో ముక్క దానికి అవతల పడేటట్టు ఇసిరేది, దగ్గరికి రమ్మని ఆశ పెట్టకుండ. పెరుగన్నం మీద బతికిన సీజర్ మూడో రోజు పెద్దకూర రుచి చూసింది. ఇగ చెప్పాల్నా! (బొక్కలు మాత్రం వండినయి వెయ్యకండి, చీలి పేగులకు గుచ్చుకుంటయి. చెల్లెతోటి నేను తిట్లు తిన్న.)

తొమ్మిదో రోజు వచ్చి నా పిక్క వాసన చూసింది. ఆ గాట్ల మీదనే. నా వొళ్లంతా చెమట. కదలలే. అది ఒక్క ఊపిరి ఇడిసి పక్కకు పండుకున్నది.

మూతికి బుట్ట అలవాటు చేసుడు కష్టమైంది. నాకే కష్టమైంది, దానికి కాదు. మా తాత ఎడ్లకు కట్టిన చిక్కం లాంటిదే. కానీ మూతికి ముంత, ముడ్డికి తాటాకు అని పాటలు పాడుకున్నోణ్ణి, ఇంకో ప్రాణి మూతికి కట్టాలంటే చెయ్యి రాలే. పెద్దమ్మ కొంగు గుర్తుకొచ్చింది. కట్టిన. బుట్టల కూర ముక్క పెట్టి, అది తనంతట తానే మూతి దూర్చేదాక రెండు వారాలు పట్టింది. అది పెట్టుకుని నోరు తెరవొచ్చు, నీళ్లు తాగొచ్చు. మూతి బిగించే పట్టీలు కొనకండి.

పెద్దమ్మను బతిమిలాడిన. ఆమె ఒప్పుకోవాలని లేదు, ఆ మాటా చెప్పిన. వారం తర్వాత ఆమెనే వచ్చింది. చెత్త ఆటో దూరంగ ఆపి, సీజర్‌కు బుట్ట, నా చేతిల తాడు ఉన్నయని రెండు సార్లు చూసుకుని, గల్లీ అవతల అరుగు మీద పక్కకు తిరిగి కూసున్నది. ఒక ముక్క ఇసిరింది. రోజుకో అయిదు నిమిషాలు. ఇరవై రోజులకు దాని ముందటి నుంచే చీపురు పట్టుకుని పోయింది. సీజర్ లేచింది, చూసింది, మళ్ల పండుకున్నది. "ఏం సీజరయ్యా, కులం మర్సినవా?" అని నవ్వింది పెద్దమ్మ.

మారిందని చెప్పను. హెల్మెట్ కనపడితే ఇప్పటికీ గోడ మీదికి ఎగురుతది. అందుకే నేను ఏదన్న ఆర్డర్ పెడితే గల్లీ చివరికి నేనే పోత. మొన్న ఒక పిల్లగాడు, "ఇంటికే తెస్త గదన్నా" అన్నడు.

"పెద్ద కుక్కున్నది తమ్మీ."

వాడు హెల్మెట్ తీసి నన్ను ఎగాదిగా చూసిండు. "ఇట్ల ముందుగాల ఎవ్వలు చెప్పరన్నా" అన్నడు.