ప్లేట్ల కొరకు మూడు బజారులు

మీ యింటి అటకమీద, పాత ఇత్తడి గంగాళముల వెనుక, నల్లని గ్రామఫోను ప్లేట్లు కట్టగా నున్నవేమో యొకసారి చూడుడు. ఉన్నచో ఈ వ్యాసము చదువుట ముగించువరకైనను వానిని పాతసామానుల బండివానికి ఈయకుడు. గడచిన శీతకాలమున నేను కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములు తిరిగి, తెలుగు స్త్రీలు పాడిన ప్లేట్లను వెదకితిని. తీర్థమునకు పోయివచ్చినవారు ప్రసాదము పంచినట్లు, చూచిన దానిని కొంత మీతో పంచుకొందును.

కలకత్తాలో న్యూమార్కెట్టు ప్రక్కనుండి పార్కువీథి వైపునకు పోవు త్రోవకు పూర్వము ఫ్రీస్కూలు వీథి యని పేరు. ఇప్పుడది మీర్జా గాలిబు వీథి. పాత పుస్తకములకును, పాత ప్లేట్లకును ఆ వీథి ప్రసిద్ధము. నాకు మిక్కిలి నచ్చిన అంగడి మన దేవునిగదికంటె పెద్దది కాదు. నేలనుండి కప్పువరకు ప్లేట్లే. వృద్ధుడైన యజమాని "దీదీ, మద్రాసీ కట్ట అడుగున నున్నది" అని చెప్పి, కూర్చుండుటకు మోడా వేయించెను. తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము అన్నియు ఆయనకు మద్రాసీయే. నాకేమియు కోపము రాలేదు. వెల తక్కువగుట ఆ తెలియమివలననే గదా!

రెండు గంటలు ధూళిలో చేతులు నల్లచేసికొనగా, ఒక చీటీమీద తెలుగు అక్షరములు కనబడెను. అది టంగుటూరి సూర్యకుమారి గారి ప్లేటు. రాజమహేంద్రవరమున 1925లో జన్మించి, 2005లో లండనులో కన్నుమూసిన యా గాయని, శంకరంబాడి సుందరాచారి గారి తెలుగుతల్లి గీతమును ప్లేటుపై పాడి యింటింటికి చేర్చినది. నాకు దొరికినది ఆ గీతము కాదు, వేరొక పాట. అయినను 150 రూపాయలు చెల్లించి, రుమాలులో చుట్టుకొని, పసిబిడ్డనువలె ఒడిలో పెట్టుకొని వచ్చితిని.

ఈ విద్య మన దేశమున మొదలైనదియు ఆ నగరమందే. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడరిక్ గెయిస్‌బర్గ్ అను నాతడు యంత్రములతో కలకత్తాకు వచ్చి, ఒక హోటలు గదిలో గాయకులచే పాడించెను. విద్యుత్తుతో ధ్వనిని పట్టు పద్ధతి 1925 వరకు రాలేదు. అందుచేత పాడువారు పెద్ద కొమ్ములోనికి ముఖముపెట్టి బిగ్గరగా పాడవలసి వచ్చెడిది. పది అంగుళముల ప్లేటున ఒక వైపున పట్టునది మూడు నిమిషములు మాత్రమే. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆ మూడు నిమిషములలో ఇమిడ్చి, ప్రాణము పోకుండ పాడినవారిలో అగ్రగణ్య గౌహర్‌జాన్. ఆమె వచ్చిన ప్రతిసారియు వేరు నగలు ధరించి వచ్చెడిదని గెయిస్‌బర్గ్ తన స్మృతులలో వ్రాసికొన్నాడు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పుకొనుట ఆ ప్లేట్లలో నేటికిని వినబడును. అది గర్వము కాదు. అప్పట్లో ప్లేట్లను జర్మనీలోని హనోవరులో అచ్చొత్తెడివారు. ఎవరి పాట యేదియో అచటివారికి తెలియుటకై ఆ యేర్పాటు. 1908లో గాని కలకత్తాలోని సియాల్దాలో కార్ఖానా ఏర్పడలేదు. ప్లేటునకు ముఖ్యమైన దినుసు మన యడవులలోని పురుగులు పెట్టు లక్కయే. మన లక్క సముద్రము దాటిపోయి, మన పాటయై తిరిగి వచ్చెడిదన్నమాట.

ఇచట నొక సంగతి చెప్పక తప్పదు. తొలినాళ్ల ప్లేట్లపై వినబడు స్త్రీ కంఠములలో అధికభాగము ఉత్తరదేశపు తవాయిఫులవి, దక్షిణదేశపు దేవదాసీ కుటుంబములవారివి. మన పెద్దలు వారిని పెండ్లిపందిటిలో మేజువాణికి పిలిచెడివారు. వంటింటి గడప దాటనిచ్చెడివారు కారు. అట్టివారి కంఠము ప్లేటెక్కి, చావడిలోని పెట్టెనుండి బయలుదేరి, లోపలి గదులకు నిరాటంకముగ వచ్చినది. పాటకు దొరికిన మర్యాద పాడినవారికి దొరకలేదు. చీటీలపై వారి పేర్లకు ముందు "మిస్" అని అచ్చువేసెడివారు. ఆ పేర్లలో చాలవానికి ఇప్పుడు ఆ చీటీ తప్ప వేరు సాక్ష్యము లేదు.

బొంబాయి ప్రయాణమునుగూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. మటన్ వీథిలోని చోర్‌బజారున ఇత్తడి కొమ్ములు తళతళలాడు గ్రామఫోనులు వరుసగా నుండును. వానిలో పెక్కు క్రొత్తగా అతికి తయారుచేసినవి; ముచ్చటపడి కొనెడివారు జాగ్రత్తపడవలెను. నేను వెదకిన మూడు అంగళ్లలోను దొరికిన తెలుగు ప్లేటు ఒక్కటే, అదియు స్థానం నరసింహారావు గారిది. సత్యభామ వేషమున ఆంధ్రదేశమును ముగ్ధము చేసిన మహానటుడాయన. కొంటిని, సంతోషించితిని. కాని స్త్రీల పాటలకై అంతదూరము పోయిన నాకు పురుషుని సత్యభామయే లభించుట చూచి నవ్వుకొంటిని.

చెన్నపట్టణమున పూర్వము ప్లేట్లవారికి నెలవైన మూర్‌మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతియైనది. అచటి వర్తకులలో కొందరికి సెంట్రల్ స్టేషను చెంత అల్లికుళము భవనమున చోటిచ్చిరి. అచటి యొక యంగడిలో తెలుగు ప్లేట్లు కావలెనని యడుగగానే, ఘంటసాల గారి భగవద్గీత పెద్ద ప్లేట్లు నా ముందు పెట్టిరి. తెలుగనగా అదియే యని వారి యభిప్రాయము. అవి మా యింట నున్నవని చెప్పి మరల వెదకింపగా, సాలూరి రాజేశ్వరరావు గారును, ఆరవయేటనే ప్లేటుపై పాడిన రావు బాలసరస్వతీదేవి గారును కలిసి పాడిన లలితగీతమొకటి లభించెను. గీతలు చెడలేదు, తేనెవలె నున్నది.

నేను ముఖ్యముగా కోరినది బెంగుళూరు నాగరత్నమ్మ గారి ప్లేటు. అది దొరకలేదు. దేవదాసీ కుటుంబమున 1878లో జన్మించి, తెలుగు సంస్కృతములలో పాండిత్యము గడించిన యామె, తన ధనము వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామివారికి సమాధిమందిరము కట్టించినది. అచటి ఆరాధనలో స్త్రీలను పాడనీయకుండుటచే, 1927లో స్త్రీలతో వేరుగా ఆరాధన జరిపించినది. గుడి కట్టినవారికే గుడిముందర పాడు హక్కు లేకపోయినది చూచితిరా! 1952లో ఆమె మరణించినపుడు, ఆమె సమాధిని ఆ మందిరమున కెదురుగానే నిర్మించిరి.

తిరుగుదారిలో తెనాలిలో దిగి, మా పిన్నిగారింటికి పోయితిని. నా వేటసంగతి విని ఆమె "అటకమీద మా అత్తగారి కాలపు ప్లేట్లున్నవే అమ్మాయీ! వచ్చే వారము పాతసామానువానికి వేయవలెననుకొన్నాము" అనెను. దింపి చూడగా పదునాలుగు. దొంతరగా పేర్చియుండుటచే అడుగున నున్న నాలుగు పగిలిపోయినవి. ప్లేట్లను పుస్తకములవలె నిలువుగా నుంచవలెను, ఎండ తగులనీయరాదు. మా చెల్లెలు సీసాలోని స్పిరిటు తెచ్చి తుడువబోగా వారించితిని. లక్క స్పిరిటులో కరగును. గీతలతోపాటు పాటయు పోవును. చల్లని నీటిలో ఒక బొట్టు సబ్బు వేసి, చీటీ తడియకుండ, మెత్తని గుడ్డతో గీతల వెంబడి తుడిచి, నీడన ఆరబెట్టితిమి.

ఒక ప్లేటు చీటీని చెదలు తినగా "మిస్" అను మాట మాత్రము మిగిలియున్నది. పెట్టెకు క్రొత్త ఉక్కుముల్లు తొడిగి వేసితిమి. అది క్షేత్రయ్య పదము. పాట చివర పేరు చెప్పునేమోయని అందరము చెవియొగ్గితిమి, చెప్పలేదు.

పిన్ని కొంతసేపు ఊరకుండి "ఈ ప్లేటు మామగారు స్నేహితులకు వినిపించెడివారు. కోడండ్రము చావడిలోనికి రారాదు. అత్తగారు తలుపుచాటున నిలిచి వినుచు, మేము కనబడగానే పప్పు మాడుచున్నదని కసరెడివారు" అని చెప్పెను. ఆ గాయని యెవరని యడిగితిని. అత్తగారికి తెలియుననియు, ఆ పేరు ఇంటిలో పలుకరాదని ఎన్నడును చెప్పలేదనియు అనెను.

మరల వేయుమనెను, వేసితిని. పగులున్నచోట ముల్లు చుట్టునకొకసారి టక్కుమనుచుండెను. మూడవసారి వేయునప్పటికి, రానున్న చరణమును పిన్ని ముందుగానే ఎత్తుకొనెను.